అందరి పాస్‌వర్డ్

లాండ్రీ వెనక గది నుంచి,
వానలకు ముందు

వదినకు,

"కోపం కాస్త తగ్గిందా" అని అడిగావు. తగ్గలేదు. ఈసారి దానికి పని దొరికింది.

మా లాండ్రీ సంగతి నీకు తెలుసు కదా, ఊళ్లోని ఆసుపత్రుల దుప్పట్లన్నీ మా దగ్గరికే వస్తాయి. ఉతికిన దుప్పటిని తడితడిగానే ఒక వైపు నుంచి వేడి రోలర్లోకి అందిస్తే రెండో వైపు ఇస్త్రీ అయి బయటికొస్తుంది. రోలర్ ముందు ఒక అడ్డుకడ్డీ ఉండేది. పొరపాటున చెయ్యి దానికి తగిలితే చాలు, యంత్రం ఆగిపోతుంది. దుప్పటి మడత తగిలినా ఆగుతోందనీ పని కుంటుపడుతోందనీ మేనేజరు దాన్ని విప్పించి మూల పడేశాడు. పోయిన వారం దుప్పట్ల అక్క కుడిచెయ్యి దుప్పటితో పాటు లోపలికి వెళ్లింది. యంత్రం ఆపే స్విచ్చి నేనే కొట్టాను. వేళ్లు దక్కుతాయని డాక్టరు అంటున్నాడు, పట్టు మాత్రం రావడానికి చాలాకాలం పడుతుందట. మేనేజరు రిపోర్టులో "అజాగ్రత్త" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేశాడు. ఆ ముక్క అలాగే ఉండిపోతే అక్కకి వైద్యమూ అందదు, ఉద్యోగమూ ఉండదు.

నాకు ఒళ్లు మండిపోయింది. రోలర్ దగ్గర పనిచేసేవాళ్లందరి చేతా జరిగింది జరిగినట్టు వాంగ్మూలాలు రాయించాను, కార్మిక శాఖ తనిఖీ అధికారికి పంపడానికి. ఎవరిది వాళ్లు పంపుకుంటే ఒక్కొక్కరినీ విడదీసి బెదిరిస్తారు. అందుకని అందరికీ కలిపి ఒకే ఈమెయిలు తెరిచాను. ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, అది అందరికీ తెలుసు. ఎవరు ఎప్పుడైనా తెరవచ్చు, చదవచ్చు, రాయవచ్చు. ఆఫీసు గదిలో డెలివరీ కౌంటర్లో కూర్చునే మా సోడాబుడ్డి తెలుసుగా, దళసరి కళ్లద్దాలవాడు, "ఇంతమందికి ఒకే పాస్‌వర్డ్ ఏంట్రా, సత్రమా?" అన్నాడు. "తాళం అనేది సొంత ఆస్తితో పాటు పుట్టిందిరా, మనలో మనకి తాళాలేంటి" అన్నాను.

కరపత్రం కూడా వేశాం. రాసింది నేనే. ఈమెయిలు చిరునామా కూడా దాని మీదే వేయించాం, సాక్ష్యం చెప్పదలచుకున్నవాళ్లు పంపడానికి. నీకొకటి పంపుదామంటే ఒక్కటీ మిగల్లేదు. అంత గిరాకీ.

అక్క వాంగ్మూలం ఆమె చెబుతుంటే నేనే టైపు చేశాను. తన ఇంట్లోవాళ్లకి కూడా చెప్పని మాట ఒకటి చెప్పింది. "ఇది కూడా రాయమంటావా" అని అడిగాను. "రాయి తమ్ముడూ. మొదలుపెట్టాక మధ్యలో ఆగితే నమ్మరు" అంది. అలాంటి మనిషి ఆమె.

నాకు ఫోన్లో కంటే కాగితం మీదే కోపం బాగా వస్తుంది. ఎలాగూ మీ కొండ మీద ఫోను మూగదే. అన్నని అడిగానని చెప్పు.

నీ మరిది

*

వాతావరణ కేంద్రం, కొండ మీద
మబ్బు పట్టింది, చినుకు లేదు

విప్లవ మరిదిగారికి,

నీ కోపానికి పని దొరికినందుకు సంతోషం. పని దొరక్కపోతే మా ఇంటికొచ్చి కుర్చీల మీద చూపించేవాడివి.

అక్క సంగతి చదివి మనసు పాడైంది. మీ అన్న ఉత్తరం రెండుసార్లు చదివి, "వీడు స్విచ్చి కొట్టాడుగా" అని ఊరుకున్నాడు. ఆయన దృష్టిలో అది పెద్ద మెచ్చుకోలు.

ఇక నీ సత్రం సంగతి. సోడాబుడ్డి అన్నది నాకు నచ్చింది. ఇక్కడ గాలి ఎటు వీచింది, వాన ఎంత పడింది అని మేం వేళకోసారి కంప్యూటర్లో ఎక్కిస్తాం. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది. నాది మీ అన్నకి తెలియదు, ఆయనది నాకు తెలియదు. ఒకసారి నేను గాలి దిశ తిరగేసి ఎక్కించాను. కింద ఆఫీసు నుంచి నన్నే అడిగారు, నాకే చీవాట్లు పడ్డాయి, మీ అన్న పక్కనే హాయిగా టీ తాగాడు. అదే ఇద్దరికీ ఒకటే పాస్‌వర్డ్ అయితే ఒకరి మొహం ఒకరం అనుమానంగా చూసుకుంటూ కూర్చునేవాళ్లం. కాపురం ఏమయ్యేదో.

కింద మాకు ఏటా శిక్షణ పెడతారు. అందరూ కునుకు తీస్తారు, నేను వింటాను. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి. నీ పేరు, పుట్టినరోజు, లాండ్రీ పేరు చివర ఒకటి రెండు మూడు, ఇవన్నీ ఎదుటివాడు మొదటే కొట్టి చూస్తాడు. ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు మాటలు నీ బుర్రలోంచి తీసి పక్కపక్కన పెట్టుకో. నీకు గుర్తుంటుంది, వాడికి అందదు. ఒకచోట పెట్టింది ఇంకోచోట పెట్టకు. ఆపైన, కొత్త చోటినుంచి ఎవరైనా తెరవబోతే నీ ఫోనుకి అంకెలు వచ్చేలా ఏర్పాటుంది, అది కూడా చేసుకో. ఆ అంకెలు ఎవరడిగినా చెప్పకు, దేవుడడిగినా సరే.

సొంత ఆస్తి అంటున్నావు. స్నానానికి వెళ్లినప్పుడు గడియ పెట్టుకుంటావా లేదా? అది ఏ ఆస్తి కాపాడుకోవడానికి?

నీ వదిన

*

లాండ్రీ వెనక గది నుంచి,
ఉక్క

వదినకు,

గడియ సంగతి చదివి సోడాబుడ్డి పడీపడీ నవ్వాడు. వాడికి నీ ఉత్తరం చూపించడం నాదే బుద్ధితక్కువ.

పొడుగ్గా ఉండాలన్నావు. మాది ఎంత పొడుగో తెలిస్తే మీ కేంద్రం వాళ్లంతా నోరు తెరుస్తారు. ఏకంగా ఒక వాక్యం, ఖాళీల్లేకుండా. పేర్లు లేవు, పుట్టినరోజులు లేవు, ఒకటి రెండు మూడు లేవు. ఇంతమందిలో ఒక్కరు కూడా మర్చిపోలేదు, అందరికీ నోటికి వచ్చు. కాబట్టి పాస్‌వర్డ్ పెట్టడం మాకు నేర్పకు.

ఫోనుకి అంకెలు అన్నావు. ఎవరి ఫోనుకి? ఏ ఒక్కడి ఫోనుకి వస్తే వాడు నాయకుడై కూర్చుంటాడు. లోకంలో ఇప్పటిదాకా జరిగింది అదే. మాలో నాయకులు లేరు. ఎందుకు లేరో నేను వాళ్లందరికీ వివరంగా చెప్పాను.

అసలు నాకు కష్టం కలిగించింది వేరే. నీ పాస్‌వర్డ్ అన్నకి తెలియదా? అంత మంచి మనిషి దగ్గర దాపరికమా? మొగుడూ పెళ్లాల మధ్యే తాళం ఉంటే ఇక లోకాన్ని ఎక్కడినుంచి బాగుచేసుకొస్తాం? అన్న పాపం.

వాంగ్మూలాలన్నీ పంపేశాం. వచ్చే నెల విచారణ పెడతానని అధికారి జవాబిచ్చాడు. మేనేజరుకి కూడా ఒక కరపత్రం నేనే స్వయంగా చేతికిచ్చాను, మేం భయపడటం లేదని తెలియాలని. పైనుంచి కింది దాకా చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "బాగా రాశావయ్యా" అన్నాడు. వెటకారం. అయినా చేతులు వణికి ఉంటాయి, నేను చూడలేదు గానీ.

నీ మరిది

*

వాతావరణ కేంద్రం,
మొదటి వాన

మరిదిగారికి,

మీ అన్న పాపమేమీ కాదు. ఈ ఉత్తరం రాస్తుంటే ఎదురుగానే కూర్చుని తడిసిన సాక్సులు పొయ్యి మీద ఆరబెట్టుకుంటున్నాడు. ఏం రాస్తున్నానో అడగడు. నాకంటూ ఒక సొరుగు ఉంది, అందులో ఒక సంగతి ఉంది, దాని గురించీ అడగడు. ఏం సంగతో నీకూ చెప్పను. చెప్పకపోతే నమ్మకం లేనట్టు కాదు నాయనా. చెప్పకపోయినా ఏమీ అనుకోడన్న నమ్మకం ఉండబట్టే ఆయన ఎదురుగా సుఖంగా కూర్చోగలుగుతున్నాను.

నీ పాస్‌వర్డ్ పొడుగు గురించి పొగడ్తలు చదివాను. దీవించాను.

ఒక్కటి అడుగుతాను, ఉడుక్కోకుండా చెప్పు. ఇంట్లో కూడా చెప్పని మాట అక్క ఆ వాంగ్మూలంలో చెప్పిందన్నావు. అధికారి చదువుతాడని ఆమెకి తెలుసు. మీవాళ్లందరూ చదవగలరని కూడా తెలుసా? నువ్వు చెప్పావా?

రోడ్డు మీద చరియలు పడుతున్నాయి. ఉత్తరాల జీపు ఆలస్యం కావచ్చు.

నీ వదిన

*

లాండ్రీ వెనక గది నుంచి,
వానలో

వదినా,

కొంప మునిగింది.

అధికారి దగ్గర నుంచి జవాబు వచ్చింది. "మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ పంపిన లేఖ అందింది" అని. మేం ఏ లేఖా పంపలేదు. తెరిచి చూస్తే మా ఈమెయిలు నుంచే వెళ్లింది. అందులో ఇలా ఉంది: "ప్రమాదానికి యంత్రం కారణం కాదు. గాయపడినామెకి ఎడమ కన్ను సరిగా కనపడదు. ఆ సంగతి దాచిపెట్టి పనిలో చేరింది. ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నాం." కింద "రోలర్ విభాగం కార్మికులు" అని సంతకం. మా పేరుతోనే మా నోట్లో మట్టి కొట్టారు.

నీకు ఇదివరకు రాయనిది అదే వదినా. అక్క చెప్పిన రహస్యం ఆ కన్ను. చాలా ఏళ్లుగా మసక. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భర్తకి కూడా చెప్పలేదు. "కన్ను మసకైనా అడ్డుకడ్డీ ఉన్నన్నాళ్లు నాకేమీ కాలేదు, అది రాయి" అంది నాతో. ఎంత బలమైన సాక్ష్యం అది. దాన్నే తిప్పి పొడిచారు.

నువ్వు అడిగినదానికి జవాబు: చెప్పలేదు. అందరూ చదవవచ్చని ఆమెకి నేను చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు. మడతలు పెట్టే పిల్ల ఒకతె ఆసుపత్రికి చూడ్డానికి వెళ్లి, "అక్కా, ఏ కన్ను?" అని అడిగిందట. నేను వెళ్తే అక్క అరవలేదు. "పంపేశాం అన్నావు కదా తమ్ముడూ. పంపేస్తే మన దగ్గర ఉండదనుకున్నాను. పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరం లాగా" అంది. పంపినదాని నకలు అక్కడే ఉండిపోతుందని ఆమెకి ఎవరు చెప్పారు గనక.

ఆ కన్ను మాట వాంగ్మూలంలో తప్ప ఎక్కడా లేదు. అంటే లోపల చూసినవాడే రాశాడు. లోపల చూడగలిగింది మా వాళ్లే. ఎవరినడిగినా నేను కాదంటే నేను కాదంటున్నారు. టీ దగ్గర ఇదివరకు ఒకే బల్ల చుట్టూ కూర్చునేవాళ్లం, ఇప్పుడు ఎవరి గ్లాసు పట్టుకుని వాళ్లు పోతున్నారు.

ఆలోచించాను. ఆఫీసు గదిలో కంప్యూటరు ముందు కూర్చునేది మాలో సోడాబుడ్డి ఒక్కడే. టీ వేళ అందరి ముందూ నిలదీశాను.

"ఆ కంప్యూటరు ముందు కూర్చునేది నువ్వొక్కడివే" అన్నాను.

"కూర్చోమనే జీతమిస్తున్నారు" అన్నాడు సోడాబుడ్డి.

"మొదటినుంచీ నీకు ఈ ఈమెయిలు ఇష్టం లేదు."

"ఇష్టం లేదు. ఇప్పుడూ లేదు."

"ఎంతకి అమ్ముడుపోయావురా?"

వాడు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "నువ్వు అరిచేటప్పుడు తుంపర్లు పడతాయిరా" అన్నాడు. మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి మాటల్లేవు. కాదని ఒక్క ముక్క కూడా అనలేదు చూడు. నిజంగా చేయనివాడైతే కాదనడా?

విచారణ దగ్గర పడుతోంది. ఏం చేయను?

నీ మరిది

*

వాతావరణ కేంద్రం,
గాలివాన తగ్గింది

తమ్ముడూ,

కూరగాయల బండి వెనక్కి వెళ్తోంది, దానికిచ్చి పంపుతున్నాను. డ్రైవరు నీ చేతికే ఇస్తాడు. ముందు రాసింది చించేశాను, అది అచ్చం నీ ఉత్తరంలాగే తయారైంది.

చదవగానే పాస్‌వర్డ్ మార్చు. ఆఫీసు కంప్యూటర్లో కాదు, నీ ఫోన్లో. కొత్తది పొంతనలేని మాటలతో పెట్టు, పాతదాని చివర ఒక అంకె తగిలించి కొత్తదనకు. ప్రస్తుతానికి ఎవరికీ చెప్పకు. నాయకుడివి అయిపోతావన్న భయం ఉంటే విచారణ అయ్యాక రాజీనామా చెయ్యి. ఆ అంకెలు వచ్చే ఏర్పాటు కూడా ఈ పూటే చెయ్యి.

తర్వాత సెట్టింగుల్లో భద్రత అని ఉంటుంది. ఈమెయిలు ఏ రోజు, ఏ వేళకి, ఏ యంత్రం నుంచి తెరిచారో అక్కడ వరసగా కనపడుతుంది. ఆ దొంగ లేఖ వెళ్లిన వేళ పట్టుకుని చూడు. చూసింది చూసినట్టు దాచిపెట్టు.

ఇంకొకటి. పాత పాస్‌వర్డ్ ఏమిటో నాకు రాయకు, అది ఎక్కడినుంచి తీశావో రాయి. అందరికీ నోటికి వచ్చన్నావు. అంతమందికి అంత పొడుగు వాక్యం అంత తేలిగ్గా ఎలా వచ్చింది? అప్పటినుంచీ నన్ను తొలుస్తోంది.

సోడాబుడ్డి కాదనలేదంటున్నావు. కాదని ఏం చూపించి అంటాడు? అందరి దగ్గరా ఒకటే తాళంచెవి ఉంటే, తీసినవాడు దొరక్కపోవడం ఒక్కటే కాదు ఇబ్బంది. తీయనివాడికి నేను తీయలేదని నిలబడే చోటు కూడా ఉండదు. వాడికి ఆ చోటు లేకుండా చేసింది నువ్వే, వాడి స్నేహితుడివి. ఇది కోపంతో రాయడం లేదు.

ఇక్కడ మాకేం ఇబ్బంది లేదు. పైకప్పు ఒక మూల కారుతోంది, మీ అన్న దాని కింద గిన్నె పెట్టి అందులో పడ్డ వాన కూడా కొలుద్దామంటున్నాడు.

వదిన

*

లాండ్రీ వెనక గది నుంచి,
తెరిపి

వదినకు,

ఈ ఉత్తరం చిన్న గొంతుతో చదువుకో.

పాస్‌వర్డ్ మార్చాను. అంకెల ఏర్పాటూ చేశాను. పాతది ఇక పనికిరాదు కాబట్టి రాసేస్తున్నాను: ఒక చెయ్యి కాలితే అన్ని చేతులూ లేస్తాయి. నేనే కట్టిన నినాదం. ఎక్కడినుంచి తీశానని అడిగావు కదా. కరపత్రం అడుగునుంచి. పెద్ద అక్షరాల్లో, చుట్టూ గీత గీయించి మరీ వేయించాను. దాని పైన ఈమెయిలు చిరునామా. తలుపు ఎక్కడుందో, తాళంచెవి ఏదో ఒకే కాగితం మీద అచ్చేయించి ఊరంతా పంచాను. మేనేజరుకి నా చేత్తో ఇచ్చాను. "బాగా రాశావయ్యా" అన్నాడు కదా, వెటకారం కాదేమో, నిజంగానే అన్నాడేమో.

నవ్వుకో. అన్నకీ చెప్పు, ఆయన కూడా నవ్వుకోవాలి.

నువ్వు చెప్పినచోట చూశాను. దొంగ లేఖ వెళ్లింది ఆఫీసు కంప్యూటరు నుంచే, ఒక మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. అక్కకి కట్టు మారుస్తుంటే నేనూ సోడాబుడ్డీ ఆసుపత్రిలో ఉన్నాం. నేను నర్సుతో గొడవ పడుతుంటే వాడు అక్కకి మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. వాడు కాదనడానికి సాక్షి ఎవరయ్యా అంటే నేను. కౌంటరు ఖాళీగా ఉన్నప్పుడు ఆ గదిలో ఉండేది మేనేజరు ఒక్కడే. అదీ రుజువు చేయలేను. సోడాబుడ్డి కాదని మాత్రం రుజువైంది.

కౌంటరు దగ్గరికి వెళ్లాను.

"రసీదు ఉందా?" అన్నాడు తలెత్తకుండా.

"క్షమించమని అడగడానికొచ్చాన్రా."

"దానికి వేరే కౌంటరు."

"ఒరేయ్, నిజంగా."

అప్పుడు తలెత్తాడు. "తిట్టినప్పుడు అందరినీ పిలిచి తిట్టావు. ఇప్పుడు ఎవరూ లేకుండా చూసుకుని వచ్చావు. సొంత ఆస్తా ఇది?"

టీ వేళ అందరి ముందూ బట్టల బుట్ట బోర్లించి ఎక్కాను. తప్పు నాదనీ, వాడు ఆ వేళ నాతోనే ఉన్నాడనీ, పాస్‌వర్డ్ కరపత్రం మీదే ఉందనీ చెప్పాను. తర్వాత మడతల పిల్ల, "అంటే మా మామయ్య దగ్గర కూడా పాస్‌వర్డ్ ఉందన్నమాట, ఆయన ఆ కాగితం గోడకి అంటించుకున్నాడు" అంది. అందరూ నవ్వారు. సోడాబుడ్డి కూడా. అంతకంటే నన్ను చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

అధికారి దగ్గరికి వాణ్ణే తీసుకుని వెళ్లాను. పెద్దాయన. మేం చెప్పిందంతా విని, ఆ లాగిన్ల వివరం కాగితం తీసుకుని, "బాబూ, మొదటి ఫిర్యాదూ ఆ చిరునామా నుంచే వచ్చింది, రెండోదీ అక్కడినుంచే వచ్చింది. రెండోది మీది కాదంటున్నారు. మొదటిది మాత్రం మీదేనని నేనెలా చెప్పాలి?" అన్నాడు. "ఎవరి మాట వాళ్లు, సొంత చిరునామా నుంచి, విచారణకి ముందు పంపించండి. ముఖ్యంగా ఆమె. ఆమె మాట లేకపోతే నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు.

మిగతావాళ్లు ఒప్పుకున్నారు. సోడాబుడ్డి పక్కన కూర్చుని ఒక్కొక్కరి చేతా వాళ్ల ఫోన్లోనే తెరిపిస్తున్నాడు. అక్క మాత్రం ఒప్పుకోలేదు. "నా కన్ను ఇంకోసారి ఎవరి చేతుల్లోనూ పెట్టను. పనిపోతే పోనీ" అంది. ఇంట్లో కూడా తెలిసిపోయిందట. భర్త "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు" అన్నట్టు చూస్తున్నాడట, ఆ చూపే భరించలేకపోతోందట.

ఆమెని ఎలా ఒప్పించాలి వదినా? ధైర్యం వచ్చేలా ఏదైనా రాసి తీసుకెళ్లనా? నాకు రాయడం ఒక్కటే వచ్చు.

నీ మరిది

*

వాతావరణ కేంద్రం,
ఎండ వచ్చింది

తమ్ముడూ,

రాయకు. దయచేసి ఆమె కోసం కరపత్రం రాయకు.

నా సొరుగులో సంగతి చెబుతాను. వాతావరణం ముందే అంచనా కట్టే ఉద్యోగానికి పరీక్ష ఉంటుంది. ఇన్నాళ్లూ పడిన వాన కొలిచాను, పడబోయే వాన చెప్పాలని నాకు ఆశ. పోయినేడు రాశాను, తప్పాను. మీ అన్నకి చెప్పలేదు. ఆయన ఎగతాళి చేస్తాడని కాదు, జాలిపడతాడని. ఓడిపోతే ఒక్కదాన్నే ఓడిపోదామనుకున్నాను. ఈసారి మళ్లీ రాశాను. నిన్న ఫలితం వచ్చింది, పాసయ్యాను. రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "నువ్వు కిందికి వెళ్లిన రోజున నీ సంచిలో గొడుగు పెట్టింది ఎవరనుకున్నావు" అన్నాడు. ఎక్కడికి వెళ్తున్నానో అప్పుడు తెలియదట. వాన మాత్రం వస్తుందనిపించిందట.

చెప్పేరోజు నేను ఎంచుకున్నాను కాబట్టి చెప్పడం సంతోషంగా ఉంది. అదే ఇంకెవరో తెరిచి చదివి చెప్పి ఉంటే, పాసయినా నాకు ఏడుపే వచ్చేది. అక్క దగ్గర పోయింది అదే. ఆమెకి ధైర్యం తక్కువ కాదు. ఇంట్లో కూడా చెప్పని మాట నీకు చెప్పిన మనిషికి ధైర్యం నువ్వు పోస్తావా? ఎవరూ తొంగిచూడని చోటు ఒకటి ఆమె చేతికివ్వు. తన ఫోన్లో తనే తెరవాలి. తన మాటలతో తనే తాళం పెట్టుకోవాలి. కన్ను సంగతి మళ్లీ రాయాలా వద్దా అన్నది కూడా ఆమె ఇష్టం. నువ్వు టైపు చేయకు. చదవకు. సలహా అడిగితే తప్ప ఇవ్వకు. నీకు కష్టమే, తెలుసు.

మీ అన్న ఏదో రాస్తానంటున్నాడు, కాగితం ఇస్తున్నాను.

వదిన

తమ్ముడూ, కరపత్రం ఒకటి దొరికితే పంపు. చదవాలనుంది. కోపం తగ్గించుకోనక్కర్లేదు.
అన్న

*

లాండ్రీ వెనక గది నుంచి,
వానలు వెనకబట్టాక

వదినకు,

ముందుగా నీకు అభినందనలు. సోడాబుడ్డికి చెప్తే, "మీ వదినని మన లాండ్రీకి ఎప్పుడు మంచి రోజులో అంచనా కట్టి చెప్పమను" అన్నాడు.

విచారణ అయింది. ఫలితం ముందు చెప్పేస్తాను, నువ్వు ఆగలేవు. అధికారి చెప్పాపెట్టకుండా లాండ్రీకే వచ్చాడు. తిన్నగా రోలర్ దగ్గరికి నడిచి, మూల దుమ్ముకొట్టుకుని పడున్న అడ్డుకడ్డీని కాలితో కదిపి చూశాడు. అది బిగించేదాకా రోలర్ తిప్పవద్దన్నాడు. ఆ తర్వాత అక్కని ఆఫీసు గదిలోకి పిలిచి, మేనేజరుని బయటికి పంపి, తలుపు వేసి మాట్లాడాడు. ఆమెకి ఉద్యోగం ఉంది. చెయ్యి బాగయ్యేదాకా వైద్యం లాండ్రీదే. రిపోర్టులో "అజాగ్రత్త" కొట్టేశారు. మేనేజరుని పై ఆఫీసుకి రమ్మన్నారు, ఇంకా తిరిగి రాలేదు. కరపత్రం అన్నకి పంపుతున్నాను. మడతల పిల్ల వాళ్ల మామయ్యని బతిమాలి గోడ మీంచి ఊడబీకించాను.

అక్క ఎలా ఒప్పుకుందో రాయాలి. నీ ఉత్తరం అందిన మర్నాడు నేనూ సోడాబుడ్డీ ఆమె ఇంటికి వెళ్లాం. ఏమీ రాసుకుని వెళ్లలేదు. "అక్కా, నీకంటూ ఒకటి తెరుచుకో. మేం చూడం. పంపాలనిపిస్తే పంపు, లేకపోతే లేదు" అన్నాను. అంత చిన్న ఉపన్యాసం నేను పుట్టిన తర్వాత ఇవ్వలేదు. ఆమె కట్టు కట్టిన చేతిని చూసుకుంది. "చదవకుండా ఉండగలవా తమ్ముడూ?" అంది. ఉంటానన్నాను. ఫోను తీసుకురమ్మని భర్తతో అంది. ఆయన తెచ్చిచ్చి, ఏదో పని గుర్తొచ్చినట్టు వంటగదిలోకి వెళ్లిపోయాడు.

ఎక్కడ నొక్కాలో సోడాబుడ్డి చెబుతున్నాడు, ఆమె ఎడమచేత్తో నొక్కుతోంది. పాస్‌వర్డ్ పెట్టమనే గడి వచ్చింది. నేను ఎప్పటిలాగే ఆమె భుజం మీదుగా వంగాను. అలవాటు. అక్క తలెత్తి నా వైపు చూసింది. సోడాబుడ్డి కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, వాడికి అంతే చాలు. నేను లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాను.

గోడకి ఒక మేకు ఉంది, దానికి ఫోటో లేని ఖాళీ చట్రం ఒకటి వేలాడుతోంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. వెనకనుంచి ఒక్కొక్క అక్షరమూ టిక్కుటిక్కుమంటోంది. మధ్యలో ఆగింది. మళ్లీ మొదలైంది. ఒకచోట అక్క తనలో తను నవ్వుకుంది. ఏ మాట పెట్టుకుందో తెలుసుకోవాలని నాకు ప్రాణం లాగింది వదినా, నిజం చెబుతున్నాను. తిరగలేదు.

తర్వాత అధికారికి రాయడం మొదలుపెట్టింది. బయట వాన వెలిసి, ఇంట్లో దీపం వేసేదాకా రాసింది. సోడాబుడ్డి కుర్చీలో కునికాడు. వంటగదిలోంచి భర్త టీ తెచ్చి ఆమె పక్కన పెట్టాడు, తెర వైపు చూడకుండా. చివరికి "పంపాను" అంది అక్క, ఫోను బోర్లించింది.

కన్ను గురించి రాసిందో లేదో నాకు తెలియదు. అడగలేదు.

నీ మరిది